అడవికి షికారు

మన భాషలో అడవిని గురించి ఒక్క మంచిమాట లేదు, ఎప్పుడైనా గమనించారా? అక్కరకు రాని అందాన్ని 'అడవి కాచిన వెన్నెల' అంటాం. కొంప మునిగినవాణ్ణి 'అడవులపాలయ్యాడు' అంటాం. మర్యాద తెలియనివాడు అడివిమనిషి. ఆఖరికి, కొత్తగా కాపరానికి వెళ్ళిన పిల్ల బస్సు దిగి రెండు మైళ్ళు నడవాల్సిన ఊళ్ళో ఉంటే, "దాన్ని తీసుకెళ్ళి అడివిలో పారేశారమ్మా" అని తల్లి కళ్ళొత్తుకుంటుంది. ఏడాదికి ఒక్కరోజు, కార్తీకమాసంలో, ఉసిరిచెట్టు కింద పులిహోర తినడానికి మాత్రం ఆడవాళ్ళకి అడవికి వెళ్ళే హక్కు వస్తుంది. తీరా వెళ్ళాక చూస్తే అది అడవీ కాదు, ఎవరో మోతుబరిగారి మామిడితోట!

సీతమ్మవారి సంగతే చూడండి. రాముడి వెంట అడవికి వచ్చి తీరతానని పట్టుబట్టి వెళ్ళింది. పధ్నాలుగేళ్ళు అన్ని కష్టాలు పడి వచ్చినా ఆవిడకి అడవి మీద ఇష్టం పోలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఏం కావాలో కోరుకోమంటే నగలు అడగలేదు, చీరలు అడగలేదు. గంగ ఒడ్డున మునులుండే వనాలు మళ్ళీ ఒకసారి చూసిరావాలని ఉందంది. ఆ ముచ్చటనే సాకు చేసుకుని ఆవిణ్ణి అక్కడ దింపి వచ్చేశారు. సరదాకి అడవి చూడాలనుకున్న ఇల్లాలికి జరిగిన సన్మానం అదీ! ఆ తరవాత మనవాళ్ళెవరూ ఆ కోరిక కోరకపోవడంలో వింతేముంది?

షికారు అనే మాట ఉందే, అది పారశీకం నుంచి వచ్చింది. అసలు అర్థం వేట. నవాబుగారు షికారు వెళ్ళారంటే సాయంత్రానికి ఏ జింకో పులో చచ్చి తీరాలి. అదే మాట మన దగ్గరికి వచ్చేసరికి మెత్తబడిపోయి, చల్లబడ్డాక కాలవగట్టు మీద నాలుగడుగులు వేసి బఠాణీలు కొనుక్కుని ఇంటికి రావడం అయింది. గుర్రం పోయింది, తుపాకి పోయింది, బఠాణీల పొట్లం మిగిలింది. ఏమాటకామాటే చెప్పాలి, ఇది మంచి మార్పే.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మా అక్క కూతురు మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చింది. పెళ్ళయి లండన్‌లో ఉంటోంది. వచ్చిన మర్నాడే, "పిన్నీ, ఇక్కడ పొద్దున్నే నడవడానికి అడివేమైనా ఉందా?" అని అడిగింది. వంటింట్లో ఉన్న నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. వాళ్ళింటికి దగ్గర్లో ఎపింగ్ అడవి అని ఒకటుందట. సెలవురోజు వస్తే జనమంతా అక్కడే. నడిచేవాళ్ళు నడుస్తారు, సైకిళ్ళు తొక్కేవాళ్ళు తొక్కుతారు, గుర్రాలెక్కి తిరిగేవాళ్ళూ ఉన్నారు. ఎవరి దారి వాళ్ళది.

"మా ఇబ్రహీంపట్నంలో అడవేమిటే, నీ మొహం!" అనబోయి ఆగాను. ఎందుకంటే, ఉంది.

మావారి ఉద్యోగరీత్యా ఈ ఊరు వచ్చి పదకొండేళ్ళయింది. మా ఊరిని చాలామంది చూసే ఉంటారు గానీ చూసినట్టు తెలియదు. బెజవాడ నుంచి హైదరాబాదు పోయే బస్సు ఎక్కితే అరగంట దాటాక వచ్చే నాలుగురోడ్ల కూడలే ఇబ్రహీంపట్నం. ఎడమచేతివైపు కృష్ణ. కుడిచేతివైపు తెల్లటి పొగలు కక్కే పెద్ద పెద్ద గొట్టాలు, అంటే 1979లో మొదటి యూనిట్ మొదలైన థర్మల్ కేంద్రం. ఇప్పుడు దానికి నార్ల తాతారావుగారి పేరు. ఫెర్రీ రేవు దగ్గర 2015లో గోదావరి నీళ్ళు తెచ్చి కృష్ణలో కలిపారు. పుష్కరాల్లో జనం మునిగేదీ అక్కడే. లారీలు, బూడిద, హోటళ్ళు, రేవు, ఇవన్నీ అందరికీ తెలుసు. వీటన్నిటి వెనకాల గోడకట్టినట్టు వరసగా నిలబడ్డ కొండలున్నాయే, వాటిని మాత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు కూడా చూడరు. అది కొండపల్లి రిజర్వు ఫారెస్టు. సుమారు 30 వేల ఎకరాలు. మా పిల్ల మురిసిపోతున్న ఎపింగ్ అడవి 6 వేల ఎకరాలేనట. ఈ లెక్క చెప్పేసరికి మావారు పేపరు దించి, "అయితే మనం అయిదు రెట్లు గొప్పవాళ్ళం" అన్నారు.

మర్నాడు తెల్లారకుండానే ముగ్గురం మూలపాడు వెళ్ళాం. హైదరాబాదు రోడ్డు మీదే ఉన్న పల్లెటూరు అది. అక్కడ అటవీశాఖవారు సీతాకోకచిలుకల పార్కు పెట్టారు. దాని వెనకనుంచి కొండల్లోకి కాలిబాట ఉంది. బెజవాడ నుంచి కుర్రకారు సైకిళ్ళ మీద అప్పటికే వచ్చి ఉన్నారు. నెత్తిన టోపీలు, ఒంటికి అతుక్కుపోయిన చొక్కాలు, ఒక్కో సైకిలు ఖరీదు మా కాలం పెళ్ళికొడుకు కట్నమంత ఉంటుంది. నలుగురైదుగురు ఆడపిల్లలూ ఉన్నారు వాళ్ళలో. బూట్లు వేసుకుని చకచకా నడిచిపోతున్న నావయసు ఆడవాళ్ళనీ చూశాను. ఒకావిడ చీర మీదే బూట్లు వేసింది. అవి రెండూ కలవవని ఎవరన్నారో గానీ, ఆవిడకి మాత్రం చక్కగా ఉన్నాయి.

అదేం దట్టమైన కారడవి కాదు. మన్యం చూసి వచ్చినవాళ్ళు దీన్ని చూసి పెదవి విరుస్తారు. ఎండాకాలానికి ఆకు రాల్చేసి మోడుగా నిలబడే చిట్టడవి. తునికి, చండ్ర, బలుసు, ఎక్కడ చూసినా సీతాఫలం. వానలు పడ్డ రెండు నెలలూ మాత్రం చూసినవాళ్ళదే అదృష్టం. అడవిపందులు, నక్కలు, లోపలికి పోతే చిరుతలు కూడా ఉన్నాయంటారు. మాకు కనిపించింది నెమలి ఒక్కటి. అదీ మమ్మల్ని చూసి అంతగా ఇష్టపడినట్టు లేదు.

"గుర్రాలు లేవా పిన్నీ?" అంది మా పిల్ల.

గుర్రాలు లేకపోవడమేమిటి? ఈ అడవిలో ముందు షికారు చేసినవే గుర్రాలు! అయిదువందల ఏళ్ళపాటు ఇక్కడ మనిషి కంటే గుర్రానికే ఎక్కువ మర్యాద. ఇదే కొండల వరసలో, మా ఊరినుంచి ఆటోలో పావుగంట దూరంలో, కొండపల్లి కోట ఉంది. పధ్నాలుగో శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజులు కట్టించారు. వాళ్ళ తరవాత గజపతులు, బహమనీలు, మళ్ళీ గజపతులు, రాయలు, కుతుబ్‌షాహీలు, 1687లో గోల్కొండ పడిపోయాక మొగలాయీలు, నిజాము, 1766లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు. ఈ జాబితా చదువుతుంటే నాకు అద్దెయిల్లు గుర్తొస్తుంది. ఎవరొచ్చినా ఒక గోడ కొట్టి ఇంకో గోడ కట్టడం, వెళ్ళేటప్పుడు మేకులు పీక్కుపోవడం. తానీషా మహలు, రాణీమహలు, నర్తనశాల, ఏనుగుల కోసం గజశాల ఇప్పటికీ చూడొచ్చు. కొండమీదికి ఇప్పుడు కారు వెళ్ళే రోడ్డుంది. కంపెనీవాళ్ళు ఈ కోటలో సిపాయిలకి శిక్షణ ఇచ్చేవారు.

బి.ఏ.లో చరిత్ర నా సబ్జెక్టే. పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో సహా బట్టీపట్టాను గానీ, మా ఊరి కొండ ఆ పుస్తకంలో లేదు. తరవాత చదువుకున్నదాన్నిబట్టి నాకు నచ్చిన సంగతి ఒకటి చెబుతాను. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీడు పట్టుకుని, ఆ వెంటనే కృష్ణదాటి వచ్చి ఈ కొండపల్లిని ముట్టడించి గెలిచాడు. ఆయన దళాలకి మేలుజాతి గుర్రాలు అరబ్బుదేశాలనుంచి ఓడల మీద వచ్చేవి. పోర్చుగీసు వర్తకుల దగ్గర పోటీపడి మరీ కొనేవాడు. అంత ఖరీదైన గుర్రాలతో వచ్చినవాడికి ఈ ముళ్ళకంపల కొండలు ఎంత విసుగు పుట్టించి ఉంటాయో! ఆ రాయలే తన 'ఆముక్తమాల్యద'లో రాజనీతి చెబుతూ అడవుల సంగతి ఎత్తుతాడు. రాజ్యం పొలిమేరల్లో అడవుల్ని పెంచు, నడిమధ్యనున్న అడవుల్ని నరికించు, దొంగల బెడద ఉండదు అని దాని సారాంశం. చూశారా, రాజుకి అడవి అంటే కోటగోడ. శత్రువు రాకూడని చోట ఉండాలి, తనకి అడ్డమైన చోట ఉండకూడదు. దాన్ని చూసి ఆనందించడానికి అని గానీ, పుల్లలు ఏరుకోవడానికి అని గానీ ఆయన లెక్కలో లేదు. కవి అయివుండి కూడా!

పుల్లలంటే గుర్తొచ్చింది. కాలిబాట మొదట్లో ఒక ముసలమ్మ కూర్చుని రేగుపళ్ళు అమ్ముతోంది. మా పిల్ల దోసెడు కొంది. నేను పక్కన చతికిలబడ్డాను, నడక నాకు కొత్త గదా.

"ఏ ఊరు మామ్మా మీది?"

"ఈ ఊరేనమ్మా. ఈ బాట మేం ఏసిందే" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. "నిజంగానమ్మగారూ. నేను కాపరానికొచ్చిన కాణ్ణించీ రోజూ ఈ బాటనే పుల్లలకెళ్ళేవోళ్ళం. పదిమంది ఆడోళ్ళం కలిసి. కోడి కూయకముందే పోతే పొద్దెక్కేసరికి మోపు తలమీద పెట్టుకుని బెజవాడ రోడ్డెక్కేది. హోటలోళ్ళు కొనేవోళ్ళు. మాకాళ్ళతో తొక్కితొక్కి పడ్డ బాటమ్మా ఇది."

"గార్డులు ఏమీ అనేవాళ్ళు కాదా?"

"అనకేం? కొడవలి లాక్కునేవోళ్ళు. ఒకసారి నా మోపు, మోపు కట్టిన తాడు కూడా లాక్కున్నారు. తాడిచ్చెయ్యమని ఏడిశాను. మోపు కోసం గాదు, తాడు మా అమ్మిచ్చింది." కాసేపాగి, సైకిళ్ళవాళ్ళని చూపిస్తూ, "ఇప్పుడు ఈళ్ళని రమ్మని బోర్డులు పెట్టి పిలుస్తన్నారు. మమ్మల్ని పొమ్మన్నారు" అంది. కోపంగా అనలేదు. ధాన్యం రేటు చెప్పినట్టు చెప్పింది.

ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. రమ్మన్నదీ పొమ్మన్నదీ ఎప్పుడు మొదలైంది? ఈ చిక్కుముడి కొస పట్టుకుని వెనక్కి వెళితే 1882 దగ్గర తేలుతాం.

అంతకుముందు ఊరిపక్క అడవి అంటే ఊరిదే. చట్టం అలా అందని కాదు. అంతే, ఎవరూ అడగలేదు. వంటచెరుకు, నాగలికొయ్య, పశువులకి మేత, ఇంటికప్పుకి బోద, అన్నీ అక్కడినుంచే. కంపెనీవాళ్ళకి మొదట ఓడలకి టేకు కావలసి వచ్చింది. తరవాత రైళ్ళొచ్చాయి. పట్టాల కింద వేసే దూలాలకీ, ఇంజన్లలో మంటకీ కొండలకి కొండలు బోడి అయిపోతుంటే అప్పుడు కంగారుపడి, 1856లో మద్రాసు రాష్ట్రానికి క్లెగ్‌హార్న్ అనే డాక్టరుగారిని మొట్టమొదటి అడవుల అధికారిగా వేశారు. 1878లో దేశానికంతటికీ ఒక అటవీచట్టం చేశారు. ఇక్కడ ఒక ముచ్చట ఉంది. మద్రాసువాళ్ళు 'మాకా చట్టం వద్దు' అన్నారు! అన్నది కాంగ్రెసువాళ్ళు కాదు, అప్పటికి కాంగ్రెసే పుట్టలేదు. సాక్షాత్తు ఇంగ్లీషు దొరలు కూర్చునే రెవెన్యూ బోర్డు. ఈ రాష్ట్రంలో ఏదో ఒక ఊరి పొలిమేరలో లేని అడవి అంటూ దాదాపు లేదు, ఊరివాళ్ళు హక్కు చెప్పుకోని అడవీ లేదు, అంచేత ఇవి సర్కారు సొంత ఆస్తి అనడానికి వీల్లేదు అని వాళ్ళ వాదన. శిస్తు వసూలు చేసేవాడికి రైతు కష్టం తెలుస్తుంది కాబోలు. ఆ వాదన కొన్నేళ్ళు నిలబడింది. తరవాత బ్రాండిస్ అనే జర్మనీ దేశపు అడవుల నిపుణుడు మద్రాసు వచ్చి చూసి సలహా చెప్పాడు. 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చేసింది.

ఆ చట్టం ప్రకారం, ఫలానా కొండని రిజర్వు చెయ్యబోతున్నామని ముందు నోటీసు ఇస్తారు. అందులో ఎవరికైనా హక్కులుంటే గడువులోగా వచ్చి చెప్పుకోవాలి. గడువు మూడు నెలలకి తగ్గకూడదు. ఒక అధికారి కూర్చుని వింటాడు. చెప్పుకోనివాళ్ళ హక్కు మాసిపోయినట్టే. వినడానికి న్యాయంగానే ఉంది గదూ? కానీ కోడికూతకి ముందే పుల్లలకి వెళ్ళే ఆడమనిషి, కచేరీ గోడకి అంటించిన నోటీసు చదువుకుని, అర్జీ రాయించుకుని, మూడు నెలల్లో దొరగారి ముందు నిలబడి 'ఈ బాట మాదండీ' అనడం మీరు ఊహించగలరా? నేను నవలలు రాసేదాన్నే, నావల్లా కాలేదు. ఆ చట్టం కింద మన జిల్లాల్లో కొండలు ఒక్కొక్కటే రిజర్వు అవుతూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌కి సొంత అటవీచట్టం 1967లో గానీ రాలేదు.

ఇక ఎపింగ్ సంగతికి వస్తాను. అదే 1882వ సంవత్సరం, మే నెల 6వ తేదీ. విక్టోరియా మహారాణిగారు రైలెక్కి, లండన్ శివార్లలో దిగి, గుర్రబ్బండిలో ఎపింగ్ అడవికి వెళ్ళారు. పెద్ద సభ జరిగింది. ఈ అడవి ఇకనుంచి ఎల్లకాలం నా ప్రజల ఆనందం కోసం అని ఆవిడ అంకితమిచ్చారు. మా పిల్ల ఇప్పుడు నడుస్తున్నది ఆ అంకితం పుణ్యమే. ఒకే రాణి, ఒకే సంవత్సరం. అక్కడ అడవి తలుపు తీశారు, ఇక్కడ వేశారు.

ఇంతటితో ఆపేస్తే కథ బాగుంటుంది, దొరల్ని తిట్టుకుని హాయిగా కాఫీ తాగొచ్చు. కానీ ఎపింగ్ కథ నేను అనుకున్నంత సాఫీగా లేదు. ఆ అడవి ఊరికే తెరుచుకోలేదు. దాని అంచున లౌటన్ అనే ఊరుంది. ఆ ఊరి పేదవాళ్ళకి చలికాలంలో చెట్ల కొమ్మలు నరుక్కుని వంటచెరుకు తెచ్చుకునే హక్కు తరతరాలుగా ఉంది. నవంబరు 11వ తేదీ అర్ధరాత్రి గొడ్డలిదెబ్బతో మొదలుపెట్టాలి, ఆచారం తప్పితే హక్కు పోతుందని వాళ్ళ నమ్మకం. ఆ ఊరి జమీందారే ఆ ఊరి పాదరీ కూడాను. 1860ల్లో ఆయన 1300 ఎకరాలకి కంచె వేశాడు. టామస్ విల్లింగేల్ అనే ముసలి కట్టెలవాడు కంచెని లెక్కచెయ్యకుండా అర్ధరాత్రి కొమ్మ నరికాడు. వాళ్ళ కుటుంబంలో కుర్రాళ్ళని జైల్లో పెట్టారు. ఆయన కోర్టుకెక్కాడు. కేసు తేలకుండానే 1870లో కన్నుమూశాడు. అప్పటికి లండన్‌లో పెద్దమనుషులు పూనుకున్నారు. లండన్ నగరపాలకులు కోర్టులో 1874లో గెలిచారు, కంచెలు ఊడాయి, 1878లో చట్టం వచ్చింది, తరవాత రాణిగారు వచ్చారు.

మరి కట్టెల హక్కో? దాన్ని రద్దు చేసి, నష్టపరిహారం కట్టి, ఆ డబ్బుతో లౌటన్‌లో ఊరందరికీ ఒక సభాభవనం కట్టించారు. 1884లో అది మొదలైంది. ఇప్పటికీ దాన్ని కొమ్మలు నరికే హాలనే పిలుస్తారు. అంటే ఏమిటన్నమాట? అడవి కోసం జైలుకి వెళ్ళింది కట్టెలవాళ్ళు. అడవి దక్కింది నడిచేవాళ్ళకి. కట్టెలవాళ్ళకి దక్కింది హాలు. సైకిళ్ళు వచ్చిన కొత్తలో లండన్ గుమాస్తాలు ఆదివారం ఆదివారం ఆ అడవికి తొక్కుకుంటూ వచ్చి టీలు తాగి వెళ్ళేవారట. అక్కడైనా ఇక్కడైనా, షికారుకొచ్చేవాడికి అడవి తెరుచుకునే వేళకి పుల్లలకొచ్చేవాడు బయట ఉన్నాడు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, వాళ్ళకి హాలన్నా కట్టారు. మూలపాడు మామ్మకి తాడు కూడా తిరిగి రాలేదు.

మనవాళ్ళు మాత్రం ఊరుకున్నారా? ఇదే కృష్ణకి ఎగువన, ఆవలి ఒడ్డున ఉన్న పల్నాటిలో, పశువుల్ని అడవిలో మేపుకున్నందుకు పుల్లరి కట్టమన్నారు. కరువు రోజులు. 1921లో పుల్లరి కట్టమని ఊళ్ళకి ఊళ్ళు ఎదురుతిరిగాయి. మించాలపాడులో 1922 ఫిబ్రవరి 22న కన్నెగంటి హనుమంతుని పోలీసులు కాల్చి చంపారు. ఆ అలజడిలోనే ఉన్నవ లక్ష్మీనారాయణగారు జైలుకి వెళ్ళారు. మనం గొప్పగా చెప్పుకునే 'మాలపల్లి' నవల ఆ జైల్లో రాసిందే. కన్నెగంటి పేరు ఇప్పుడు అందరికీ తెలుసు, విగ్రహాలున్నాయి. పుల్లరి అంటే ఏమిటో మాత్రం మా ఇంటికి వచ్చే కాలేజీ పిల్లల్ని అడిగితే ఒక్కళ్ళూ చెప్పలేదు.

అయితే ఇంకోవైపు కూడా చెప్పుకోవాలి. రిజర్వు బోర్డు లేకపోతే ఈ కొండల మీద ఈపాటికి ఒక్క చెట్టయినా మిగిలేదా? బెజవాడ ఆకలి చిన్నదా? పట్నంలో ప్రతి హోటల్లో గ్యాసు వచ్చేదాకా మండింది ఇక్కడి కట్టెలే గదా. ఆ కాపలా పుణ్యాన మిగిలిన అడవిలోనే నేను నడిచాను. ఆ మాట ఒప్పుకుంటూనే, మామ్మ మోపులు దించిన కాపలావాళ్ళు యంత్రాలముందు అంత గట్టిగా నిలబడ్డారా అన్న అనుమానం మాత్రం నాకు పోదు. 2020లో ఈ రిజర్వు ఫారెస్టులోనే, లోయ గ్రామం దగ్గర, గ్రావెల్ అక్రమంగా తవ్వుకుపోయారని ఎంత గొడవ జరిగిందో పేపర్లు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తలమీద మోపు ఎన్ని తరాలు మోస్తే ఒక కొండ తరుగుతుంది చెప్పండి?

కొండ తరిగితే ఏమవుతుందన్నది మా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఈ కొండల నీళ్ళు బుడమేరులోకి వస్తాయి. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఆ బుడమేరు కాలవకి కవులూరు దగ్గర గండ్లు పడి, బెజవాడ సింగ్‌నగర్ అంతా రోజుల తరబడి నీళ్ళలో నానింది. మా ఆడపడుచువాళ్ళు మేడమీద రెండు రాత్రులు గడిపారు. ఆనాటి వాన మామూలు వాన కాదు, చెట్లుంటే వరద వచ్చేది కాదని నేను అనను. కానీ వేళ్ళు పట్టి ఉంచిన మన్నుమీద పడ్డ నీరు నింపాదిగా దిగుతుంది, తవ్వేసిన బోడిగుట్టమీద పడ్డ నీరు ఒక్కసారి దూకుతుంది. పెరట్లో బిందె బోర్లించి చూసినా తెలిసే సంగతే అది.

ఇంతకీ ఈ అడవితో మీకూ నాకూ చుట్టరికం ఒకటుంది. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టేవాళ్ళ ఇళ్ళల్లో, మెట్టుమీద అంబారీ ఏనుగు ఉంటుంది చూడండి, దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, అవన్నీ ఈ అడవి బిడ్డలే. కొండపల్లి బొమ్మ చేసేది తెల్లపొణికి కొయ్యతో. అది ఇక్కడి కొండల్లో పెరిగే చెట్టు. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియదు. కొయ్యని సన్నటి సెగమీద పెట్టి తడంతా లాగేసి, కాలూ చెయ్యీ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మీద సున్నంపూత, దానిమీద రంగులు. మేకవెంట్రుకల కుంచె. ఈ పని చేసే ఆర్యక్షత్రియుల పెద్దలు ఎప్పుడో రాజస్థానం నుంచి వచ్చారంటారు. కొండపల్లిలో బొమ్మల కాలనీకి వెళితే ఇంటింటా అరుగుమీద ఆడవాళ్ళే రంగులు వేస్తూ కనిపిస్తారు. కన్ను దిద్దేటప్పుడు మాత్రం మాట్లాడరు.

ఇప్పుడు వాళ్ళకి రంగులకి లోటులేదు, కొనేవాళ్ళకీ అంత లోటులేదు. కొయ్యకే లోటు. పొణికి తరిగిపోయింది. ఒకరిద్దరు పనివాళ్ళని అడిగితే, మునుపు దగ్గర్లో దొరికేది, ఇప్పుడు ఎక్కడెక్కడినుంచో రావాలి అన్నారు. దాని గింజకి పెంకు గట్టి, వేసిందల్లా మొలవదు. మొలిచినా చెక్కడానికి పనికొచ్చే లావు కావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. మొక్కలు పెంచి నాటే ప్రయత్నాలు జరిగాయి, జరుగుతున్నాయి. మా పిల్ల లండన్ తీసుకెళ్ళడానికని అంబారీ ఏనుగుని కొంది. ముందు బేరమాడింది. కొయ్య సంగతి విన్నాక మానేసి, ఇంకోటి కూడా తీసుకుంది.

మూలపాడులో ఆరోజు, లేవబోతూ నేను మామ్మని అడిగాను, "పొణికిచెట్టు ఎలా ఉంటుందో చూపిస్తావా?" అని.

ఆవిడ కూర్చున్నచోటునుంచే చేతికర్ర ఎత్తి చూపించింది. "ఆ వాగు దాటి, పెద్దబండ పక్కనుంచి ఎడమచేతికి తిరిగితే రెండుండాలమ్మా. తెల్లగా ఉంటది మాను. నేను చూసి పదేళ్ళయింది. మోకాళ్ళు రావటంలా." తరవాత నా కాళ్ళవంక చూసి, "చెప్పులు జారతయ్యి, ఇప్పి చేత్తో పట్టుకెళ్ళండి" అంది.

మావారు వాగు దగ్గరే ఆగిపోయారు. నేనూ మా పిల్లా వాగు దాటి, బండ పక్కనుంచి ఎడమకి తిరిగి చూశాం. ఒకటి ఉంది.